ఇరోజు

విడిభాగం లాగోస్ ఓడరేవులో ఇరుక్కుపోయింది.
సిమెంటు ఫ్యాక్టరీలో మోటారు విప్పి పెట్టుకుని
పదకొండు రోజులుగా గోళ్లు గిల్లుకుంటున్నవాణ్ణి
లషోరే తన బండి వెనక ఎక్కించుకున్నాడు.
"మా అబెయోకుటా చూపించకుండా పంపిస్తే
మా అమ్మమ్మ నన్ను గడప తొక్కనివ్వదు."

అబెయోకుటా అంటే రాతికింద అని అర్థమట.
యుద్ధాలప్పుడు పరుగెత్తి వచ్చినవాళ్లని
ఒలుమో కొండ తన పొట్ట కింద దాచుకుందట.
గుహలో బండ మీద గుంటలు చూపించాడు,
దాక్కున్న ఆడవాళ్లు పిండి నూరుకున్న గుంటలు.
వేలు పెట్టి చూశాను. చల్లగా, నున్నగా.
భయంలోనూ ఆకలి వేళకే వేస్తుంది.

పైనుంచి ఊరంతా తుప్పు రేకులు.
తుప్పంటే నాకు పడదు, నా ఉద్యోగమే దానితో పోట్లాట.
అక్కడ మాత్రం ఎండలో అది
ఎవరో ఆరబోసి మరిచిపోయిన మిరపకాయల్లా ఉంది.

దిగుతుంటే తెలిసింది,
ఈ ఊళ్లో ఎవరినీ ఊరికే దాటిపోకూడదని.
పనిలో ఉన్నవాడికి, ఎ కూ ఇషే.
కూచున్నవాడికి, కూచున్నందుకే, ఎ కూ ఇజోకో.
నిలబడ్డవాడికి నిలబడ్డందుకు.
వానకి. ఎండకి. కొత్త చొక్కాకి.
జడలల్లించుకుంటూ కళ్లు చికిలించిన పిల్లకి కూడా
ఏదో అన్నాడు, ఆ పిల్ల తల కదపకుండా జవాబిచ్చింది.
మా అపార్టుమెంటు లిఫ్టులో పన్నెండేళ్లుగా
నాలుగో అంతస్తు ఆయనా నేనూ
వెలిగే అంకెలు చూస్తూ దిగుతాం.

ఇటోకు బజారు వెనక నీలిమందు కుండలు.
అబేనీ బామ్మకి మోచేతుల దాకా నీలం.
లషోరే నేల మీద బోర్లా పడి లేచాడు.
ఎంత వంగాలో తెలియక నేను
నడుం పట్టినవాడిలా సగంలో ఆగిపోయాను.
ఆవిడ నవ్వలేదు. పీట చూపించింది.
మనవరాలు మొరెనికే కోడి ఈకని గంజిలో ముంచి
గుడ్డ మీద చేపలు గీస్తోంది.
గంజి ఉన్నచోట రంగు అంటదట,
చేపలు తెల్లగా మిగిలిపోతాయట.

మూడో కుండ మూత తీసి బామ్మ వాసన చూసింది.
మళ్లీ మూసింది. "చచ్చిపోయింది," అంది.
కుండ చావడమేమిటని నేనడగలేదు,
నేనూ అలాంటిదాని పక్కనుంచే వచ్చాను.

ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి
మోకాళ్లు వంచి అన్నమాట
నా చెవికి తెలుగులా తగిలింది:
ఎ కూ ఇరోజు.
"ఈ రోజా?" అన్నాను పైకే.

లషోరే కాసేపు వెతుక్కున్నాడు అర్థం కోసం.
మనిషి పోయిన ఇంట్లో అనే మాట.
ఓర్చుకుంటున్నావు కదా, ఆ ఓర్పుకి దండం.
ఇరోజంటే ఓర్పు.

కుండకా, అనబోయాను. మొరెనికే గుడ్డ మీంచి తలెత్తకుండా అంది:
"ఆ కుండ చిన్నబామ్మది. పోయిన నెల పోయింది.
బూడిదనీళ్లు ఎన్ని పోసేదో
ఎవరికీ చెప్పలేదు."

నేనూ అన్నాను ఆ మాట.
ఎక్కడ ఎక్కాలో ఎక్కడ దిగాలో తెలియని గొంతుతో,
దీర్ఘం తీసేసి, అచ్చం మన ఈ రోజులాగే.
మొరెనికే పెదవి కొరుక్కుంది.
బామ్మ మాత్రం తిన్నగా పలికినవాడికి చెప్పినట్టే
తల ఊపి లేచి
రెండో కుండలోంచి గుడ్డ పైకి తీసింది.
పచ్చగా ఉంది, లేత చింతచిగురులా.
గాలి తగిలేకొద్దీ
మేమెవరం ఏమీ చెయ్యకుండానే
అంచుల నుంచి నీలమవుతూ వచ్చింది.

సాయంత్రం ఓడరేవుకి ఫోను చేశాను.
"రేపు," అన్నాడు గుమాస్తా, పదకొండు రోజులుగా అంటున్నట్టే.
అరవడానికే చేశాను నిజానికి.
ఎ కూ ఇషే, అన్నాను.
అవతల కాయితాల చప్పుడు ఆగింది.